బానెట్ కింద పైపు పెట్టి కడిగేయొచ్చా?

ప్రశ్న: అన్నా, పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ తీసుకున్నాను, 2017 మోడల్. బయట తళతళలాడుతుంది కానీ బానెట్ ఎత్తితే సిగ్గేస్తోంది. అంతా దుమ్ము, ఎండిన వేపాకులు, ఎడమ పక్క కవర్ అంచున నల్లటి జిడ్డు. వచ్చే నెల మా గ్యాంగ్ కార్ల మీట్ ఉంది, అక్కడ అందరూ ముందు బానెట్టే ఎత్తమంటారు. మా ఏరియా వాషింగ్ సెంటర్‌లో అడిగితే డీజిల్ కొట్టి ప్రెషర్‌తో కడిగేస్తాం, అరగంట పని, వానకి తడుస్తూనే ఉంటుంది కదా సార్ ఏం కాదు అన్నారు. కడిగించేయమంటారా? - కొండాపూర్ పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ. ఇంజిన్ బేని, అంటే బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటుని, తుడవాలి, కడగకూడదు. కొద్దిగా తడి తగిలినా ఫర్వాలేదు, దానికో పద్ధతి ఉంది, చెప్తాను. కానీ నీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట వేరే ఉంది, కవర్ అంచున జిడ్డు. దుమ్ము అన్ని చోట్లా పడుతుంది, ఒక్క చోటే నల్లగా అంటుకుని ఉందంటే అక్కడ ఆయిల్ చెమర్చుతోందేమో చూడాలి. వాల్వ్ కవర్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై మూత అంచున ఆయిల్ కారకుండా ఆపే సీలు, గట్టిపడితే ఇలాగే మొదలవుతుంది. ఇప్పుడు మొత్తం కడిగేస్తే మీట్‌లో ఫొటోలు బాగా వస్తాయి, తర్వాత మెకానిక్‌కి ఎక్కడ కారుతోందో ఆనవాలు దొరకదు. అందుకని గుడ్డ పట్టుకునే ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకో. ఆ చోటు శుభ్రంగా తుడిచి, కొన్నాళ్లు నడిపి మళ్లీ టార్చి వేసి చూడు, మళ్లీ తడి కనిపిస్తే అది గాస్కెట్ పని, షాంపూ పని కాదు. ఆ ఆయిల్ జారి వేడి ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) మీద పడితే ముందు పొగ, కాలిన వాసన, ముదిరితే మంట. మీట్ కన్నా ఇది ముఖ్యం.

ఇక వాన సంగతి. వాన పడేది బానెట్ మీద. లోపలికి వచ్చేది ఎక్కువగా చక్రాలు చిమ్మే తుంపర, అదీ కింద నుంచి. ఇంజిన్ బేలో చాలా వైర్ల కనెక్టర్లకు, దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతాయో చెప్పే ఐపీ67 లాంటి రేటింగ్ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా పాడవకూడదని లెక్క. ప్రెషర్ వాషర్ 100 బార్ ఒత్తిడికి అటూఇటుగా కొడుతుంది, ఆ ధారకి తట్టుకోవాలంటే ఐపీ69కే అని వేరే పరీక్ష ఉంది, ఇది పాసైంది కాబట్టి అదీ పాసైనట్టే అనుకోవడానికి లేదు. పైగా ఇవన్నీ కొత్త సీళ్ల మీద చేసిన పరీక్షలు, ఇన్నేళ్లు వేడికి ఉడికిన రబ్బరు మీద కాదు.

నీ బండిది 5.0 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. పెట్రోల్‌ని మండించే ప్లగ్గులు ఎనిమిది, ఒక్కోదాని మీద దానికి కరెంటిచ్చే కాయిల్ ఒకటి, రెండు వైపులా నల్ల కవర్ల కింద నాలుగేసి. ప్లగ్గులు లోతైన గుంటల్లో ఉంటాయి, వాటిలోకి నీళ్లు దిగితే వాటంతటవి బయటికి రావు. నిప్పురవ్వ సరిగ్గా పడక, స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకుంటుంది. లైట్ నిలకడగా వెలిగితే వేరు, అలా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. ఎందుకంటే కాలని పెట్రోల్, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, కన్వర్టర్ కాలిపోతుంది. మస్టాంగ్ మన దగ్గరికి పూర్తిగా దిగుమతి అయి వచ్చిన బండి, ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కూడా, కాబట్టి ఖరీదైన పార్ట్ పోతే డబ్బుతో పాటు ఓపిక కూడా కావాలి.

డీజిల్ గురించి ఒక్క మాట. కొట్టిన రోజు నల్లగా మెరుస్తుంది, నిజమే. మర్నాడు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆ పూతకి దుమ్మంతా పట్టుకుని ముందుకన్నా హీనంగా తయారవుతుంది. కూలెంట్ గొట్టాలు చాలా కార్లలో ఈపీడీఎం అనే రకం రబ్బరు, దానికి డీజిల్, కిరోసిన్, పెట్రోల్ ఏది తగిలినా ఉబ్బి మెత్తబడుతుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఇంధనం చల్లడం ఏంటసలు?

సరే, పద్ధతి. పొద్దున్నే, నీడలో, రాత్రంతా ఆగి ఉన్న బండి మీద చెయ్. ఆదివారం గండిపేట దాకా ఓ రౌండ్ వేసొచ్చి వెంటనే మొదలుపెట్టొద్దు. ఇంజిన్‌కి ఆనుకుని ఉండే పొగ గొట్టం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, వందల డిగ్రీల్లో ఉంటుంది, దాని మీద చల్లటి నీళ్లు పడితే లోహానికి మంచిది కాదు, క్లీనర్ కూడా తుడిచేలోపే ఎండి మరకలు కడుతుంది. తాళం దూరంగా పెట్టు, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చెయ్యి అక్కడ ఉంటే అంతే. బ్యాటరీ నెగెటివ్ కూడా తీసేయడం మంచిది, పది నంబర్ పానా చాలు. అద్దాల ఆటో సెట్టింగ్ లాంటివి పోతే మళ్లీ పెట్టుకోవచ్చు.

ముందు పొడిగానే. ఆకులు చేత్తో ఏరేసి, సన్నటి నాజిల్ పెట్టి వాక్యూమ్ కొట్టు. అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది చూడు, వేపాకులన్నీ అక్కడే చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది, వానాకాలంలో కార్పెట్ తడవడానికి ఒక్కోసారి ఇదే కారణం. నిజం చెప్పాలంటే నీ బండికి సగం పని ఇక్కడితోనే అయిపోతుంది.

తర్వాత బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, కాయిల్ కవర్లు, గాలి పీల్చే మూతి, వీటికి ప్లాస్టిక్ సంచులు కప్పి రబ్బర్ బ్యాండ్లు వెయ్. ఎన్ని కప్పావో లెక్క పెట్టుకో, ఒక్కటి మర్చిపోయి స్టార్ట్ చేస్తే బెల్టు లాగేసుకుంటుంది. బయటికి కనిపించే కోన్ ఆకారపు ఎయిర్ ఫిల్టర్ పెట్టించుకున్న బండైతే దాన్ని రెండు పొరలు కప్పాలి. ఆల్ పర్పస్ క్లీనర్‌ని సీసా మీద రాసినంత నీళ్లలో కలిపి బ్రష్ మీద కొట్టుకో, ఇంజిన్ మీద కాదు. రాణిగంజ్‌లో దొరికే మామూలు పెయింట్ బ్రష్ చాలు, దాని రేకు చుట్టూ టేపు వేస్తే గీతలు పడవు. జిడ్డు వదిలించే ఘాటైన డిగ్రీజర్లు, చక్రాలకి వాడే యాసిడ్ క్లీనర్లు అల్యూమినియం మీద వాడితే తెల్లగా మచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు. బెల్టు జోలికి వెళ్లకు.

నురగ తీయడానికి పైపు అక్కర్లేదు, తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కొండాపూర్‌లో మీకు బోరు నీళ్లయితే ఎండాక తెల్లటి సున్నపు చారలు మిగులుతాయి, ఆర్ఓ మెషీన్ వదిలేసిన నీళ్లు ఇంకా అధ్వానం. చివరి తుడుపుకి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటర్ కొనుక్కో. ఆరాక సంచులు తీసి, బ్యాటరీ బిగించి, బానెట్ తెరిచే ఉంచి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడవనీ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాదు, ఆరుబయట. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మెరుపు కావాలంటే నీళ్ల ఆధారిత డ్రెస్సింగ్ (మెరుపు పూత) ప్లాస్టిక్ మీద గుడ్డతో పల్చగా రాయి. నూనెలా మెరిసిపోయే ఇంజిన్ బే చూస్తే నాకైతే ఏదో దాస్తున్నారనే అనుమానం వస్తుంది.

ప్రశ్న: సార్, నాది పోర్షే బాక్స్‌టర్. ముందు ఎత్తితే డిక్కీ, వెనక ఎత్తినా డిక్కీ. అసలు ఇంజిన్ ఎక్కడ తుడవాలి? - బంజారాహిల్స్ పాఠకుడు

జవాబు: తుడవక్కర్లేదండీ, ఇంజిన్ సీట్ల వెనక మధ్యలో మూసి ఉంటుంది. వెనక డిక్కీలో ఆయిల్, కూలెంట్ పోసే మూతల చుట్టూ తుడిస్తే మీ వంతు అయిపోయినట్టే, మిగతాది సర్వీస్‌లో లిఫ్ట్ ఎక్కించినప్పుడు చూస్తారు. కార్ కడిగేటప్పుడు పక్క గాలి జాలీల్లోకి నేరుగా పైపు పెట్టనివ్వకండి. ముందు బంపర్ రంధ్రాల్లోకి మాత్రం టార్చి వేసి చూడండి. రేడియేటర్ల ముందు ఆకులు చేరి, తడికి కుళ్లి, లోహం తినేయడం ఈ కార్లకి పాత జబ్బు. వాక్యూమ్‌తో లాగేయండి.

ప్రశ్న: మా వారి కారు వారాల తరబడి కదలదు, బానెట్ కింద ఎలుక గూడు పెట్టింది. డెటాల్ నీళ్లతో కడిగేస్తే సరిపోతుందా? - సైనిక్‌పురి పాఠకురాలు

జవాబు: కడగొద్దమ్మా, ఊడ్చొద్దు కూడా, ఎండిన ఎలుక మలం దుమ్ములా లేచి ముక్కులోకి పోతుంది. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, క్రిమిసంహారక మందుతో తడిపిన టిష్యూలతో గూడు తడిచేలా అద్ది, కాసేపాగి ఎత్తి కవర్లో కట్టేయండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, చేతికి గాటు ఉంటే ఈ పని ఇంకొకరికి చెప్పండి. నాఫ్తలీన్ ఉండలు బానెట్ కింద వేయొద్దు, ఆ వాసనంతా ఏసీలోంచి మీకే వస్తుంది. కారుని రెండు మూడు రోజులకోసారి కదిలిస్తుంటే, చుట్టూ చెత్త, తిండి లేకుండా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. వైరు మీద పంటి గాటు ఒక్కటి కనిపించినా టేపు చుట్టి ఊరుకోకండి, ఆటో ఎలక్ట్రీషియన్ చూశాకే స్టార్ట్ చేయమనండి.