మీ నాన్నగారు చెప్పిన క్షమాపణ

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నాన్న పాస్టరు. నేను సెమినరీ హాస్టల్లో ఉండి బి.డి. (పాస్టరు కావడానికి చదివే డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. డిసెంబరులో మెస్ లెక్కలు నాకప్పగించారు. ఫిబ్రవరి చివర 6,150 రూపాయలు తేడా వచ్చింది. నేను పైసా ముట్టలేదు. వార్డెన్ నన్ను మెస్ పనిలోంచి తీసేసి, చాపెల్‌లో నా ప్రసంగం వంతు ఆపేసి, ఇంటికి ఫోన్ చేశారు. నాన్న వెంటనే ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేసి ‘మావాడు చిన్నవాడు, క్షమించండి’ అన్నారట. బావ డబ్బు కట్టేస్తానంటున్నాడు. మెస్‌కు వెళ్లడం మానేశాను. నిద్ర లేదు. చదువు మానుకుని వచ్చేయనా, లేక సంఘ పెద్దలకు అన్నీ ఉత్తరం రాయనా?

జవాబు: రెండూ వద్దు బాబూ. మధ్యలో టీసీ తీసుకుంటే తప్పు ఒప్పుకుని పోయావనే అంటారు. రేపు ఆర్డినేషన్ (నిన్ను పాస్టరుగా అభిషేకించే) సమయంలో ఎవరైనా వాకబు చేస్తే అదే మాట చెబుతారు. సంఘ పెద్దలకు రాస్తే ఆదివారం ఆరాధన ముగిసేలోపు ఊరంతా తెలుస్తుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయం నీకు నేను చెప్పాలా? ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, సంఘం దాకా రావడం ఆ తర్వాత. నువ్వు మొదటి మెట్టే ఎక్కలేదు.

ఇక్కడ కుదించి వేసిన నీ ఉత్తరంలో వార్డెన్ గురించి రెండు పేజీలు రాశావు, నాన్నగారి గురించి ఒక్క వాక్యం రాశావు. వార్డెన్ తొందరపడ్డాడు, అది తప్పే. కానీ ఆయనకు నువ్వు రెండేళ్లుగా తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన మనిషి ‘ఏం జరిగిందిరా’ అని ఒక్కమాట అడక్కుండా నీ తరఫున తప్పు ఒప్పేసుకున్నారు. నీకు నిద్ర పట్టనివ్వంది అదే.

ఆయన అలా ఎందుకు చేశారో ఊహించగలను. ‘అన్నం కోసం మతంలో చేరారు’ అన్న మాట మన వైపు బాప్టిస్టు కుటుంబాలు తరతరాలుగా పడుతున్నాయి. ఆ మాట రాకూడదనే ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి కూలి చూపిస్తూ కూడా, ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. బియ్యం, డబ్బు, దేవుని పని ఒకే వాక్యంలో వినిపిస్తే పాత తరం పాస్టర్ల గుండె జారిపోతుంది. ఊళ్లో అందరికీ అయ్యగారు కదా, మాట రాకముందే తల వంచేశారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ కొడుకు చెయ్యని తప్పుకు తల వంచడాన్ని వినయం అంటే నేనొప్పుకోను. బైబిల్లో చూడు, ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును విచారణ లేకుండా కొట్టి చెరలో వేశారు. తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే కదల్లేదు, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. ముందురోజు రాత్రి అదే చెరలో కీర్తనలు పాడుకున్నదీ ఆయనే.

ఇక లెక్క. మెస్‌లో 58 మంది అన్నావు. పూటకు మనిషికి 200 గ్రాముల బియ్యమనుకున్నా రెండు పూటలకు 23 కిలోలు దాటుతుంది, అంటే రోజుకు దాదాపు ఒక 25 కిలోల బస్తా. నువ్వు రాసిన ధర బస్తాకు 1,300. మూడు నెలల్లో నాలుగు బస్తాలు రాతలో తప్పితే 5,200 అక్కడే తేలిపోయింది. మెస్‌లో తేడాలు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఊళ్లకు వెళ్లినవాళ్లకు రిబేటు ఇచ్చి వంట మాత్రం అందరికీ వండిస్తారు. అతిథుల భోజనాలు రాయరు. కూరగాయలవాడికి ఇచ్చిన అడ్వాన్సు బిల్లులో తగ్గించడం మర్చిపోతారు. అన్నిటికన్నా పెద్దది, అంతకుముందు లెక్కలు చూసిన మెస్ ప్రతినిధి నిల్వ తూచకుండా పుస్తకం చేతిలో పెట్టడం. నువ్వు అలాగే తీసుకున్నావు. నీ తప్పు ఉంటే అదొక్కటే, అడిగితే దాచకుండా చెప్పు.

స్టాకు రిజిస్టరు, క్యాష్ పుస్తకం, వోచర్లు చూడనివ్వమని వార్డెన్‌కు కాగితం మీద అడుగు. నీ ఫోన్‌పే స్టేట్‌మెంటు, హాజరు పట్టీ దగ్గర పెట్టుకో. డిసెంబరు మొదటి నిల్వకు కొన్నది కలిపి, వండింది తీసేసి, వచ్చిన అంకెను ఫిబ్రవరి చివరి నిల్వతో పోల్చు. వార్డెన్, పాత ప్రతినిధి ఇద్దరూ ఎదుట ఉండగా, పగటిపూట చెయ్యి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే అది లెక్క కాదు, తగాదా అవుతుంది.

ఈ పూట నుంచే మెస్‌కు వెళ్లు. నీ కంచం తీసుకుని అందరితోపాటు వరసలో నిలబడు. మొహం చాటేస్తే అనుమానం పెరుగుతుంది, పస్తులుంటే కోపం పెరుగుతుంది. శత్రువుల మీది కీర్తనలు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నానన్నావు, తీసెయ్. ఎవరిని అంటున్నావో హాస్టలంతా తెలుసు. ప్రసంగం వంతు తిరిగి వచ్చినా ఆ సంగతి అక్కడ ఎత్తకు. క్లాసులు మాత్రం మానకు, హాజరు తగ్గితే పరీక్ష కూడా పోతుంది.

నాన్నగారి దగ్గరకు ఆదివారానికి వెళ్లు గానీ శనివారం మాట్లాడకు, ప్రసంగం సిద్ధం చేసుకుంటూ ఉంటారు. సోమవారం పొద్దున ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు లెక్కల జిరాక్సులు ముందు పెట్టి కూర్చో. అమ్మతో చెప్పించకు. ‘నాన్నా, మీరు నన్నడగకుండా క్షమాపణ చెప్పారు. నాకు బాధగా ఉంది’ అని నువ్వే చెప్పు. నీకు సారీ చెప్పాలని పట్టుబట్టకు. నీ ఎదుటే ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేసి, ‘నా కొడుకును అడక్కుండా మాట్లాడాను, దయచేసి లెక్క మళ్లీ చూడండి’ అనమను. ఆ ఫోన్ ఆయనే చెయ్యాలి. చెయ్యనంటే గొంతు పెంచకుండా లేచి వచ్చెయ్. ప్రిన్సిపాల్‌గారికి నువ్వే రాసివ్వు: తేడా సంగతి నాకు తెలియదు, మా నాన్నగారి క్షమాపణ నా మాట కాదు, లెక్క నా ఎదుట చూడండి, అందాకా నా మీద నిర్ణయం ఆపండి. నాలుగే మాటలు, నకలు మీద తేదీ వేయించుకో.

బావ డబ్బు ఇప్పుడు ముట్టవద్దు. లెక్క తేలకముందు కట్టిన డబ్బు ఒప్పుకోలు కిందే పోతుంది. తేలాక నీ అశ్రద్ధ వల్ల వెయ్యో రెండువేలో పోయాయని తెలిస్తే, నెలకింత అని నువ్వే కట్టి నీ పేరు మీద రసీదు తీసుకో.