కీళ్లవాతం ఉన్నవాళ్లకి వికలాంగుల పింఛను ఇస్తారా?

మీ అమ్మగారికి కీళ్లవాతం, సదరం క్యాంపుకి (వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే చోటికి) తీసుకెళ్తే పింఛను వస్తుందా అని అడిగారు. రావచ్చు, కానీ నొప్పికి రాదు. ఈ ముక్క ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. సికిల్ సెల్ ఉంది, పార్కిన్సన్స్ ఉంది, కీళ్లవాతం పేరు మాత్రం ఎంత వెతికినా కనబడదు. కీళ్లవాతం ఉన్న మనల్ని చూసేది కదలికల వైకల్యం కిందే, అంటే ఏ కీలు ఎంత వంగుతోంది, కండలో ఎంత బలం మిగిలింది అని. రాత్రంతా ఎంత ఏడ్చామో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

నేను జాకెట్లు కుట్టేదాన్ని. వేళ్లు, మణికట్లు పట్టేశాక మిషను మూలన పెట్టి మా ఊరి సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకున్నాను. ఆసుపత్రికి వెళ్తే ర్యాంపు నిండా బైకులు! చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడిని ఇద్దరు పట్టుకుని మెట్ల మీదుగా ఎత్తుకొచ్చారు. వికలాంగుల క్యాంపు పెట్టి ర్యాంపు మీద బళ్లు ఆపుకునే తెలివి మనవాళ్లకే ఉంటుంది.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొద్దున లేవగానే అయితే నా వేళ్లు కొయ్యబారిపోయి ఉంటాయి, నీళ్ల చెంబు కూడా రెండు చేతులతో ఎత్తాలి. వేడినీళ్లలో ముంచి, మాత్ర వేసుకుని, ఎండెక్కేసరికి కాస్త వదులవుతాయి. డాక్టరు చూసింది ఆ వదులైన చేతినే. "పిడికిలి మూయమ్మా" అన్నాడు. మూశాను, చిటికెన వేలూ ఉంగరపు వేలూ బయటే ఉండిపోయాయి. కోణం కొలిచే స్కేలు పెట్టి ఏదో రాసుకున్నాడు. కత్తెర పట్టుకోలేను సార్, హుక్కు కుట్టలేను అంటే, "అది కాదమ్మా, మణికట్టు వంచు" అన్నాడు. ఆయన్నీ అనలేను, బయట వరండా నిండా జనం. 35 శాతం వచ్చింది. 40 ఉంటేనే పింఛను. ఆంధ్రలో నెలకి 6,000, తెలంగాణలో 4,016, అదంతా ఆ అయిదు శాతం దగ్గర ఆగిపోయింది.

నన్నడిగితే మనవాళ్లకి పింఛన్లు రాకపోవడానికి డాక్టర్ల కన్నా "పర్లేదు బాబూ" అనే మాటే పెద్ద కారణం. నా ముందున్న అవ్వని మెట్లెక్కగలవా అని అడిగితే "ఎక్కుతా నాయనా, మెల్లగా" అంది. బయటికొచ్చాక నాతో చెప్పింది, ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, చేతులు ఆన్చి వెనక్కి జరుగుతూ ఎక్కుతుందట. అది లోపల చెప్పొద్దూ! మీ అమ్మగారికి ఇది నూరిపోయండి. లేనిది చెప్పమని కాదు, ఉన్నది మింగొద్దని. ఇక చుట్టాల సంగతి సరేసరి, "చూడ్డానికి బాగానే ఉన్నావుగా, నీకెందుకు సర్టిఫికెట్" అంటారు. ఎవరో దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకుంటే ఆ అనుమానమంతా మనమే మోయాలి.

తర్వాత కీళ్లవాతం డాక్టరు రాసిన పాత చీటీలు, మందుల వివరాలు, చేతులవీ మోకాళ్లవీ ఎక్స్‌రేలు తేదీల వరసలో ఫైలు కట్టి మళ్లీ వెళ్లాను. ఈసారి మోకాళ్లు కూడా చూశారు, 45 వేశారు. కాగితాలు లేకుండా వెళ్లడం శుద్ధ దండగ. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా లాంటి జబ్బులైతే ఇంకా కష్టం, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు కదా.

నాకిచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్. గడువు తీరాక మళ్లీ స్లాటు, మళ్లీ అదే వరండా. ఈ జబ్బు జీవితాంతం ఉంటుందని మందులిచ్చే డాక్టరు మొదటి రోజే చెప్పాడు, మరి ఈ కాగితానికి గడువు ఎందుకు పెట్టారో ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.