పెట్టె మారితే చదివింది పోతుందా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల్లో నెట్‌వర్క్ ఇంజినీరుగా చేస్తూ ఏడాదిగా సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ కోసం, సీసీఐఈ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ల్యాబ్ పరీక్షకి చదువుతున్నాను. ప్రాక్టీసంతా సీఎస్‌ఆర్ 1000వీ అనే సాఫ్ట్‌వేర్ రౌటర్ల మీదే చేశాను. ఇప్పుడు పరికరాల జాబితా చూస్తే క్యాటలిస్ట్ 8000వీ అని ఉంది. స్విచ్‌లేమో క్యాటలిస్ట్ 9300. ఏడాది కష్టం వృథా అయినట్టేనా? మా రూమ్మేట్ సెకండ్ హ్యాండ్‌లో ఒక 9300 కొనేయమంటున్నాడు. తాకట్టు పెట్టుకోమని అమ్మ గాజులు ఇచ్చింది. బెంగళూరులో పరీక్షకి రెండు నెలలే ఉంది. వాయిదా వేసుకోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు గాజులు అమ్మకి ఇచ్చేయండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ భయం నాకు తెలుసు, నేనూ పడ్డాను. 2008లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రెండు పాత 3550 స్విచ్‌లు కొని ఇంట్లో బీరువా పక్కన పెట్టుకున్నాను. అప్పటి సీసీఐఈ పరీక్షలో 3560లు కూడా ఉంటాయని తెలుసు. స్విచ్ అంటే స్విచ్చేగా అనుకున్నాను. పరీక్షకి నెల ముందు అమీర్‌పేటలో ఒక పూటకి పరికరాలు బిగించిన ర్యాక్ అద్దెకి తీసుకుని, 3560 మీద కొత్త తరహా ఐపీ అడ్రస్, అంటే ఐపీవీ6 అడ్రస్ కొట్టాను. తీసుకోలేదు. లైను కింద చిన్న టోపీ గుర్తు పెట్టి, ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్ అంది. స్పెల్లింగ్ చూశాను, ఇంటర్‌ఫేస్ మార్చి చూశాను, అరగంట పోయింది. తీరా చూస్తే విషయం ఇది: ఆ స్విచ్‌లో మెమరీ దేనికెంత పంచాలో చెప్పే ఎస్‌డీఎం టెంప్లేట్ ఒకటుంటుంది. దాన్ని ఐపీవీ4, ఐపీవీ6 రెండిటికీ సరిపోయేలా మార్చి రీలోడ్ చేస్తేనే ఆ కమాండ్ కనిపిస్తుంది. 3550లో ఐపీవీ6 రౌటింగే లేదు, కాబట్టి ఇంట్లో నాకిది ఎప్పుడూ ఎదురుపడలేదు. ట్రాఫిక్‌ని వరసల్లో పెట్టే క్యూల కమాండ్లు కూడా రెండిట్లో వేరే. ఆ రాత్రి కూర్చుని రెండు స్విచ్‌ల మధ్య తేడాలన్నీ రాసుకుంటే ఒక పేజీ కూడా నిండలేదు. నాకు కావలసింది ఆ ఒక్క పేజీయే, కొత్త స్విచ్ కాదు.

మీకూ అదే చెబుతున్నాను, తేడాల పేజీ రాసుకోండి. 8000వీ ఎక్కడినుంచో ఊడిపడింది కాదు, సీఎస్‌ఆర్ తర్వాత వచ్చిన తమ్ముడు. రెండూ నడిచేది సిస్కో ఐఓఎస్ ఎక్స్ఈ సాఫ్ట్‌వేర్ మీదే. ఓఎస్‌పీఎఫ్, బీజీపీ వంటి రౌటింగ్ ప్రోటోకాల్స్ మీరు రాసినట్టే రాస్తారు. తేడా మొదట లైసెన్స్ దగ్గర వస్తుంది. సీఎస్‌ఆర్‌లో లైసెన్స్ బూట్ లెవెల్ ఏఎక్స్ అని ఇచ్చేవారు కదా, ఇక్కడ నెట్‌వర్క్ అడ్వాంటేజ్, దానికి తోడు డీఎన్‌ఏ అడ్వాంటేజ్ అని ఇచ్చి, సేవ్ చేసి, రీలోడ్ చేయాలి. మీ ఇంటి ల్యాబ్‌లో ఎంపీఎల్‌ఎస్ (లేబుళ్లతో ప్యాకెట్లు పంపే పద్ధతి) కమాండ్లు పలకకపోతే ముందు ఇదే చూడండి.

అసలు పెద్ద తేడా మోడ్‌లలో ఉంది. 8000వీ మామూలు రౌటర్‌గానూ నడుస్తుంది, కంట్రోలర్ మోడ్‌లో ఎస్‌డీ-వ్యాన్ (బ్రాంచీల లింకులన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపే పద్ధతి) రౌటర్‌గానూ నడుస్తుంది. మోడ్ మార్చగానే రీబూట్ అయి, అంతకుముందు రాసిన కాన్ఫిగరేషన్ పోతుంది. కంట్రోలర్ మోడ్‌లో కాన్ఫిగర్ టెర్మినల్ కుదరదు. కాన్ఫిగ్ ట్రాన్సాక్షన్ అని మొదలుపెట్టి, చివర కమిట్ కొట్టాలి. అలవాటు కొద్దీ కమిట్ మర్చిపోతే మీరు రాసిందేదీ అమల్లోకి రాదు. చేతికి ఇది అలవాటయ్యేదాకా వారం పాటు రోజూ గంటసేపు చేయండి.

ఇక 9300. పరీక్షలో దాని పని ఎస్‌డీ-యాక్సెస్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌ని ఒక్కచోటి నుంచి నడిపే పద్ధతి. ఒక్క స్విచ్ కొని ఇంట్లో పెట్టుకుంటే అది రాదండీ. దానికి నడిపించే కంట్రోలర్ డీఎన్‌ఏ సెంటర్ (ఇప్పటి పేరు క్యాటలిస్ట్ సెంటర్) కావాలి, ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే ఐఎస్ఈ సర్వర్ కావాలి. డీఎన్‌ఏ సెంటర్ ఇంట్లో పెట్టుకునే పెట్టె కాదు. మామూలు స్విచింగ్‌కి సిస్కో వర్చువల్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ సీఎంఎల్‌లో వర్చువల్ 9000 ఉంది, కానీ ఒక్కదానికే 18 జీబీ ర్యామ్ కావాలి, ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకోకండి. ఎస్‌డీ-యాక్సెస్ కోసం నాలుగైదు పూటలు ర్యాక్ అద్దెకి తీసుకోండి. వెళ్లేముందే ఏం చేయాలో కాగితం మీద గీసుకుని వెళ్లండి, అద్దె గంటల్లో ఆలోచిస్తూ కూర్చోకూడదు.

చదివింది పోతుందా అన్నారు. 2014 జూన్‌లో అప్పటి సీసీఐఈ రౌటింగ్ అండ్ స్విచింగ్ పరీక్ష ఐదో వెర్షన్ వచ్చినప్పుడు ల్యాబ్ మొత్తం వర్చువల్ అయింది, ఊళ్ల మధ్య లింకులు కలిపే పాత పద్ధతి ఫ్రేమ్ రిలే తీసేశారు. దాని మీద నెలలు కష్టపడ్డవాళ్లు ఎంత బాధపడ్డారో చూశాను. కానీ ఇంటర్నెట్ మీద ఆఫీసుల్ని టన్నెళ్లతో కలిపే డీఎంవీపీఎన్ దగ్గరికొచ్చేసరికి అవే చిక్కులు మళ్లీ వచ్చాయి. మధ్యలో ఒక హబ్ రౌటర్, చుట్టూ స్పోక్ రౌటర్లు, స్ప్లిట్ హొరైజన్ (ఏ దారిలో విన్న రూటుని ఆ దారిలోనే తిరిగి చెప్పకూడదన్న నియమం), ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ టైప్ ఏది పెట్టాలన్న తర్జనభర్జన. ఫ్రేమ్ రిలే బాగా వచ్చినవాళ్లు దాన్ని తొందరగా పట్టుకున్నారు.

పరీక్ష ఎనిమిది గంటలు. అందులో మొదటి మూడు గంటలు డిజైన్, అక్కడ ఏ పెట్టే ముట్టుకోరు. మిగతా ఐదు గంటల్లోనే పరికరాలతో పని. రెండు నెలలుంది కాబట్టి వాయిదా వద్దు. మూడు వారాలు 8000వీకి, ఒక వారం అద్దె ర్యాక్‌కి ఇవ్వండి. మిగిలిన రోజుల్లో పూర్తి ఎనిమిది గంటల మాక్ పరీక్షలు కనీసం నాలుగు రాయండి, షిఫ్ట్ లేని రోజు, పగటిపూట. నైట్ షిఫ్టులు చేస్తున్నారు కదా, పొద్దున్న పూట మెదడు పని చేయడం కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.