హత్యలను ఖండించారు, ఆరోపణలనూ ఖండించారు

సందేహం: "దాడిని ఖండించిన ప్రధాని" అని పేపర్లో చదివి, "దాడి జరగలేదన్నడా, జరిగింది తప్పన్నడా తాతా?" అని మా మనవడు అడిగిండు. నాకూ జవాబు తోచలేదు. ఏది సరైన వాడుక?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: రెండూ వాడుకలో ఉన్నవే. చిక్కు కూడా అక్కడే ఉంది.

2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌లోని బుచా పట్టణ వీధుల్లో పౌరుల శవాలు కనిపించాయి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో మన ప్రతినిధి ఆ హత్యలను ఖండించారు, స్వతంత్ర విచారణ జరగాలన్నారు. తన సైన్యం మీద వచ్చిన ఆరోపణలను రష్యా కూడా ఖండించింది. ఒకరు తప్పన్నారు, ఇంకొకరు కాదన్నారు. తెలుగులో ఇద్దరికీ ఒకటే క్రియ! చేసిన పనిని ఖండిస్తే తప్పనడం, వచ్చిన మాటను ఖండిస్తే కాదనడం. శీర్షికలో చోటు చాలక 'ఆరోపణలు' ఎగిరిపోయిందా, ఇక అంతా గందరగోళమే.

ఖండం అంటే ముక్క. పాత శాస్త్రచర్చల్లో ఎదుటివారి వాదాన్ని కారణాలు చూపి ముక్కలు చేయడం ఖండన, తన వాదాన్ని నిలబెట్టుకోవడం మండన. ఆ లెక్కన, ఏ ఆధారమూ చూపకుండా "అదంతా అబద్ధం" అనేసిన నాయకుడు దేన్నీ ఖండించినట్టు కాదు. ఆయనకు 'తోసిపుచ్చారు', 'కొట్టిపారేశారు' చాలు. ఖండించారని రాస్తే ఆయన చూపని సాక్ష్యాన్ని మనం అరువిచ్చినట్టు అవుతుంది.

ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైన రోజుల్లో మా వాడకట్టులో ఒక తల్లి రోజూ పేపర్ తెచ్చి నా ముందు పెట్టేది. కొడుకు అక్కడి ఖార్కివ్ నగరంలో మెడిసిన్ చదువుతున్నాడు. "మనోళ్లు ఏమన్నరు సార్, దాడి తప్పన్నరా?" పేపర్లో 'తీవ్ర ఆందోళన' అని ఉంది. మన దగ్గర ఆందోళన అంటే ధర్నా, రాస్తారోకో కూడా కదా, ఆమెకు అదీ అర్థం కాలేదు. "కలత చెందామన్నారమ్మా, హింస ఆపమన్నారు. ఖండిస్తున్నామని మాత్రం అనలేదు" అని చెప్పాను. పేపర్ మడిచి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

అలాంటి సమయంలో దేశాల నాయకులు ఒక్కో మాటను తూచి వాడతారు. ఖండించలేదంటే ఆ మాట అనదలచుకోలేదనే. మనం అలవాటు కొద్దీ 'ఖండించారు' అని రాసేస్తే అనని మాటను వాళ్ల నోట్లో పెట్టినట్టే. బుచా హత్యలను ఖండించినప్పుడు మన ప్రతినిధి చంపిందెవరో చెప్పలేదు. అది తేల్చడానికే విచారణ అడిగారు. తెలిసినంతవరకే చెప్పడం నా దృష్టిలో సరైన పద్ధతి. ఆ వార్తను తెలుగు చేసేటప్పుడు దోషి పేరు చేర్చడమూ తప్పే. 'తీవ్రంగా' అన్న మాట కూడా అంతే, నాయకుడు అంటేనే రాయాలి.

ఇక మీ శీర్షిక. ప్రధాని దాడి తప్పన్నారైతే ఉన్నది ఉన్నట్టు ఉంచవచ్చు. దాడే జరగలేదన్నారైతే "దాడి జరగలేదన్న ప్రధాని" అని రాస్తే, మీ మనవడికి ఇంకొకరిని అడగాల్సిన పని ఉండదు.