అమ్మాలా, బాగుచేయించాలా? ముందు స్లాబు చూపించండి

ఇంటి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నానికి చెందిన ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజినీరు జవాబులు

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. 200 గజాల్లో మా మావయ్యగారు 1988లో కట్టించిన ఇల్లు. కింద మూడు గదులు, వంటిల్లు. పైన తర్వాత వేసిన ఒక గది, రేకుల కప్పు. 2014లో హుద్‌హుద్‌కి ఆ రేకులు ఎగిరిపోతే మళ్లీ వేయించాం. ఇప్పుడు కింద పడగ్గదిలో స్లాబు పెచ్చులూడుతోంది. మొన్న వానలకి ఒక పెద్ద పెచ్చు మంచం మీదే పడింది. అదృష్టం బాగుండి అత్తయ్యగారు అప్పుడు హాల్లో టీవీ చూస్తున్నారు. కాంట్రాక్టరొకాయన వచ్చి ఫాల్స్ సీలింగ్, టైల్స్, గోడ తీసేసి ఓపెన్ కిచెన్, రంగులు అన్నీ కలిపి 16 లక్షలన్నారు. బ్రోకరేమో గజం లక్షా పది వేలకి పార్టీ రెడీగా ఉంది, అమ్మేసి మధురవాడలో 90 లక్షల్లో ట్రిపుల్ బెడ్రూమ్ ఫ్లాట్ తీసుకోండి, మిగతాది బ్యాంకులో వేసుకోండి అంటున్నాడు. మావారికి ఇంకో మూడేళ్లలో రిటైర్మెంట్. పిల్లలిద్దరూ బయటి ఊళ్లలో స్థిరపడ్డారు. మావయ్యగారు వీలునామా రాయకుండానే పోయారు. అత్తయ్యగారికి 76 ఏళ్లు, "నేను పోయాక ఏం చేసుకుంటారో చేసుకోండి" అంటారు. మా ఆడపడుచు రాజమండ్రిలో ఉంటుంది, అడిగితే "మీ ఇష్టం వదినా" అంటుంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ గదిలోంచి మంచం తీయించండి. ఇప్పటికే తీయించి ఉంటే సంతోషం. ఒక పెచ్చు ఊడిన చోట రెండోది ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు.

మీరు రెండు దారులు చెప్పి ఏది మంచిదని అడిగారు. వాటికంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. ఆ స్లాబుకి ఇంకా ఎంత ఆయుష్షుంది? ఆ ఇల్లు ఇవాళ ఎవరెవరిది? మొదటిది కాంట్రాక్టరు చూడలేదు, రెండోది బ్రోకరు అడగలేదు.

1988 నాటి ఇళ్లు ఎలా కట్టేవారో నాకు బాగానే గుర్తుంది. స్లాబుకి సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు, చేత్తో కలిపిన కాంక్రీటు. ఇనుము కింద కవరు, అంటే చువ్వని కప్పి ఉంచే కాంక్రీటు మందం, ముప్పావు అంగుళం ఉంటే గొప్ప. అప్పటి కోడ్ కూడా స్లాబుకి 15 మిల్లీమీటర్ల కవరు చాలంది. 2000లో సవరించిన ఐఎస్ 456 (మన దేశపు కాంక్రీటు కోడ్) వచ్చాకే సముద్రతీరానికి లెక్క మారింది. తీరం గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి ఇప్పుడు 45 మిల్లీమీటర్ల కవరు, ఎం30 అనే ఇంకా గట్టి గ్రేడు కాంక్రీటు అడుగుతుంది. మీ ఇంటికి ఆ రెండూ ఉండవు. అది మీ మావయ్యగారి తప్పేం కాదు, ఆ రోజుల్లో అందరి ఇళ్లూ అంతే.

అప్పుఘర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, మన వానలు, బాత్రూం చెమ్మ కలిసి ఆ పలచని కవరు దాటి ఇనుముని చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము మొదట ఉన్న చోటులో ఇమడదు, రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి కాంక్రీటు కింద నుంచి పగిలి పెచ్చులుగా రాలుతుంది. అంటే పెచ్చు రాలే నాటికే లోపల జబ్బు ముదిరిందన్నమాట. పెదవాల్తేరులో ఒకింట్లో ఇలాంటి స్లాబు చూపిస్తే ముసలి తాపీమేస్త్రి ఒకాయన ఒక్క ముక్కలో చెప్పాడు: "పైన ఎంతైనా పూసీగలం బాబూ, లోపలున్న ఇనుముకి ఏటి సేస్తాం?"

దీనికి ఫాల్స్ సీలింగ్ వేయడమంటే పుండు మీద పట్టుబట్ట కప్పడమే. పెచ్చులు ఆ జిప్సం షీటు మీద పడుతూనే ఉంటాయి, మీకు కనపడవు. ఏదో ఒక రోజు షీటుతో సహా కిందికొస్తుంది. పాత స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఏమనుకోకండి.

ఓపెన్ కిచెన్ సంగతి ఇంకా టెన్షన్. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల గోడలే స్లాబుని మోస్తాయి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే దాని మీద ఉన్న స్లాబు, పై గది బరువు ఎక్కడికి పోవాలి? ఆ మాట మీ కాంట్రాక్టరుని అడగండి. "బీము వేస్తామండీ" అంటే డ్రాయింగు ఎవరు ఇస్తారో, ఏ ఇంజినీరు సంతకం పెడతాడో అడగండి. అక్కడితో ఆ ప్రస్తావన ఆగిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది పరీక్ష. విడిగా ఉండే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. రిపేరు కాంట్రాక్టు తీసుకునేవాడే పరీక్ష చేస్తే ఏం రాస్తాడో మీకు తెలుసు. ఆ ఇంజినీరు ముందు చిన్న సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్న చోట ఖణేల్‌మంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల చప్పుడొస్తుంది. డొల్లగా ఉన్న మేరంతా సుద్దతో గీత గీస్తాడు. ఆ సుద్దగీతలు చూస్తేనే సగం విషయం మీకే అర్థమైపోతుంది. తర్వాత పెచ్చు ఊడిన చోట కొత్తగా కొంచెం కొట్టి, దుమ్ము దులిపి, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతాడు. మంచి కాంక్రీటు క్షణాల్లో ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది. రంగు తిరగని మేర కాంక్రీటులో క్షారం చచ్చిపోయినట్టు. ఇన్నేళ్లూ ఇనుముకి తుప్పు రాకుండా కాసింది ఆ క్షారమే. రంగు తిరగని పొర చువ్వ దాకా వెళ్లిందా, ఇంకా కిందే ఆగిందా, స్కేలు పెట్టి కొలవమనండి, మీరూ పక్కన నిలబడి చూడండి. ఉప్పు ఎంత దిగిందన్నది దీనితో తేలదు. దానికి డ్రిల్లుతో పొడి తీసి ల్యాబుకి పంపాలి. విశాఖలో ప్రైవేటు ల్యాబులున్నాయి.

చెడింది ఆ పడగ్గది వరకే, సన్‌షేడ్ల వరకే అయితే బాగుచేయించుకోవచ్చు. నాకు మీ ఉత్తరం చదివితే అలాగే అనిపిస్తోంది, ఎందుకంటే పెచ్చు ఊడిన గది ఒకటే చెప్పారు. అలాంటప్పుడు చెడిన కాంక్రీటంతా చువ్వ వెనక దాకా కొట్టేసి, తుప్పు గీకి, సన్నబడిపోయిన చోట కొత్త చువ్వ జత చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారు గానీ మైక్రో కాంక్రీటు గానీ ఎక్కించాలి. మామూలు సిమెంటు, ఇసుక మెత్తి వెళ్లిపోతే రెండు మూడేళ్లలో ఆ మెత్తిన ముక్క అంచు పక్కనే కొత్తగా ఊడుతుంది. మేస్త్రి మోసం చేశాడనుకుంటారు జనం. ఉప్పు దిగిన స్లాబులో ఒక చోట బాగుచేస్తే, దాని పక్క ఇనుము ఇంకా తొందరగా తుప్పు పట్టడం దాని స్వభావం. అందుకే ఉప్పు స్లాబంతటా దిగిందని రిపోర్టు వస్తే రిపేరు మీద రూపాయి పెట్టకండి. అప్పుడు మిగిలేది పడగొట్టి కట్టడమో, అమ్మడమో.

ఇంకో మాట. డాబా మీద కారినప్పుడల్లా ఒక పొర సిమెంటు వేయించడం మన ఊళ్లో అలవాటు. అంగుళం మందం పూత చదరపు అడుగుకి సుమారు ఐదు కిలోలు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అది ఐదు టన్నులు. ఇన్నేళ్లలో మీ డాబా మీద అలా ఎన్ని పొరలు పడ్డాయో ఒక మూల తవ్వించి చూడండి. కొత్త వాటర్‌ప్రూఫింగుకి ముందు ఆ పాత పొరలు తీయించడమే సగం వైద్యం. తుపాన్ల రోజులు పోయాక, జనవరి తర్వాత ఈ పని పెట్టుకోండి.

ఇక రెండో సంగతి. ఇల్లు మీ మావయ్యగారి స్వార్జితం, వీలునామా లేదు. ఆయన తల్లిగారు ఆయనకంటే ముందే పోయి ఉంటే, పిల్లలు ఈ ఇద్దరే అయితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తయ్యగారు, మీవారు, మీ ఆడపడుచు ముగ్గురికీ సమాన వాటా. బ్రోకరు లెక్క ప్రకారం ఇల్లు 2 కోట్ల 20 లక్షలు. మీవారి వాటా 73 లక్షల చిల్లర. బ్రోకరు చెప్పిన 90 లక్షల ఫ్లాటు దానితో రాదు. అత్తయ్యగారి వాటా కూడా కలిస్తేనే వస్తుంది, ఆ డబ్బు ఆవిడది. బ్యాంకులో వేసుకోమన్న "మిగతాది"లో ఆడపడుచుదే పెద్ద ముక్క.

ఆవిడ "మీ ఇష్టం వదినా" అన్నది ప్రేమతోనే. కానీ ఫోన్లో చెప్పిన ఆ మాట సబ్ రిజిస్ట్రారు దగ్గర చెల్లదు. ఆవిడ వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి, అమ్మితే ముగ్గురూ సంతకం పెట్టాలి. ఒకసారి ఆమెని పిలిచి అన్నం పెట్టి, ఇంటి విలువ అంకె చెప్పి, "నీకేం కావాలమ్మా" అని అడగండి. అంకె చెప్పకుండా సంతకం పెట్టించుకున్న ఇళ్లలో తర్వాత పెళ్లిళ్లకి కూడా రాకపోకలు లేకుండా పోవడం చూశాను.

అమ్మితే లాభం మీద పన్ను కూడా ఎవరి వాటాకి వారే కట్టాలి. 2024 జులై 23కి ముందు నుంచి ఉన్న ఆస్తి కాబట్టి ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరని పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ వేసి ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా చూపించుకునే వీలుంది. అమ్మిన రెండేళ్లలో ఇల్లు కొంటే, మూడేళ్లలో కట్టుకుంటే లాభంలో అంత మేరకు మినహాయింపు. ఆడిటరుకి ఫీజు ఇచ్చి లెక్క వేయించండి. కొత్త ఫ్లాటు రిజిస్ట్రేషనుకి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం. 90 లక్షల మీద 6 లక్షల 75 వేలు. ఇంకా కడుతున్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ అదనం. బ్రోకర్లు ఇవేవీ నోటి లెక్కల్లో చెప్పరు.

నన్ను తేల్చి చెప్పమంటే: ఇప్పుడు అమ్మకండి. ఆ 16 లక్షల ప్యాకేజీ కూడా వద్దు. బ్రోకరు చెప్పిన ధర గజాల మీద. లోపల ఇటాలియన్ మార్బులున్నా, పాత మొజాయిక్ ఉన్నా పైసా తేడా రాదు. కొన్నవాడు ముందు జేసీబీ తెస్తాడు. కాబట్టి టైల్స్ మీద పెట్టేది తిరిగి వస్తుందన్న ఆశతో పెట్టకండి. (మొజాయిక్ ఉంటే పాలిష్ పట్టించండి. ఇప్పటి టైల్స్ కంటే కాలికి హాయిగా ఉంటుంది.) రిపోర్టు బాగుంటే స్లాబు, డాబా, ఆ కాలపు జీఐ (జింకు పూత ఇనుప) పైపులు, వైరింగు వీటి మీద ఖర్చు పెట్టండి. అత్తయ్యగారి బాత్రూంలో జారని నేల, పట్టుకోడానికి గోడకి రాడ్లు పెట్టించండి. గోడల్లో తుప్పు పట్టిన జీఐ పైపే మీ పడగ్గది చెమ్మకి కారణమైతే నేను ఆశ్చర్యపోను. దుకాణం బిల్లులన్నీ దాచండి. ఇంటి విలువ పెంచే పనులైతే రేపు అమ్మినప్పుడు ఖర్చు కింద చూపించుకోవచ్చు.

76 ఏళ్ల మనిషిని ఉషోదయ జంక్షన్, రైతు బజారు, తెలిసిన డాక్టరు, ఇరుగుపొరుగు అన్నీ వదిలించి మధురవాడ ఏడో అంతస్తులో పెట్టాల్సిన అవసరం డబ్బు వైపు నుంచి మీకు కనపడడం లేదు. రిటైరయ్యాక మీవారికి ఇక్కడ కాలు నిలవకపోతే అప్పుడు మళ్లీ రాయండి.

స్లాబు పనికిరాదని తేలితే మాత్రం అద్దెకి మారి, తర్వాత ఆలోచించాలి. అప్పుడు బిల్డరుకి డెవలప్‌మెంటుకి (అతను కట్టి, ఫ్లాట్లు మీరూ అతనూ పంచుకునేలా) ఇమ్మని వీధిలో నలుగురూ చెబుతారు. 200 గజాలంటే చుట్టూ వదలాల్సింది వదిలాక అంతస్తుకి ఒక ఫ్లాటు. ముగ్గురు వాటాదారులకి అది పంచుకోవడం సులువే, కానీ ఒప్పందం రిజిస్టరు కాకుండా, ఆలస్యమైతే అద్దె ఎవరు కట్టాలో రాయించకుండా తాళం ఇవ్వకండి.

ప్రశ్న: మాది కూర్మన్నపాలెంలో పదిహేనేళ్ల నాటి ఫ్లాటు. అమ్మేసి పెందుర్తి వైపు స్థలం కొని కట్టుకోవాలనుంది. అమ్మే ముందు మాడ్యులర్ కిచెన్ చేయిస్తే ధర పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పెరగదండి. కొనే ఆవిడకి మీ వంటింటి రంగు నచ్చదు. బాత్రూం లీకేజీ ఉంటే ఆపించండి. తెలివైనవాళ్లు మీ కింది ఫ్లాటువాళ్ల సీలింగు చూసి వచ్చి బేరం మొదలెడతారు. గోడలకి తెల్లరంగు వేయించండి, చాలు. పెందుర్తి, వేపగుంట వైపు స్థలం చూసేటప్పుడు మాత్రం సింహాచలం దేవస్థానం భూవివాదమున్న పంచగ్రామాల పరిధిలో ఉందేమో, రిజిస్ట్రేషను కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరుందేమో అడ్వాన్సు ఇవ్వకముందే చూడండి. మీ ఫ్లాటుకి సంబంధించి ఆస్తి పన్ను రసీదులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు (పాత యజమానుల నుంచి వచ్చినవి), అసోసియేషన్ బకాయిలు లేవన్న కాగితం ఒక ఫైల్లో పెట్టుకుంటే, అడిగిన రోజే జిరాక్సులు ఇచ్చేయొచ్చు.