జెరూసలేం చూడని జెరూసలేం దుంప

ప్రశ్న: ఒక ఇంగ్లీషు వంటల పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో 'జెరూసలేం ఆర్టిచోక్' అనే దుంప వచ్చింది. దానికి ఆ ఊరి పేరు ఎందుకొచ్చింది? తెలుగులో ఏమని రాయాలి?

జవాబు: ఆ ఊరితో దీనికి సంబంధం లేదు. ఆ మాటకొస్తే ఇది ఆర్టిచోక్ కూడా కాదు. ఆర్టిచోక్ అంటే విచ్చుకోకముందే కోసి వండుకునే పూమొగ్గ. మీరడిగింది నేలలో ఊరే దుంప, పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి మూలవాసులు పండిస్తుంటే 1605లో ఫ్రెంచి యాత్రికుడు షాంప్లెయిన్ చూసి, రుచి ఆర్టిచోక్‌లా ఉందని రాశాడు. పేరులో రెండో సగం ఆ రుచి పోలిక నుంచి వచ్చిందే.

చిక్కంతా మొదటి సగంతోనే. ఈ మొక్క మన నూనెగింజల పొద్దుతిరుగుడుకి దగ్గరి చుట్టం. పొద్దుతిరుగుడుని ఇటాలియన్ భాషలో 'జిరసోలే' అంటారు. 'జిరారే' అంటే తిరగడం, 'సోలే' అంటే పొద్దు. ఎవరినీ చూసి రాయకుండానే వాళ్ల మాటా మన మాటా ఒక్కలాగే కుదిరాయి! ఆ జిరసోలే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి జెరూసలేం అయిందని నిఘంటువులు ఎక్కువగా చెబుతాయి. హాలండ్‌లోని టెర్నోజన్ అనే ఊరిపేరే ఇలా మారిందని వాదించినవారూ ఉన్నారు. ధ్వనిని బట్టి చూస్తే నా ఓటు జిరసోలేకే.

అర్థంకాని పరాయి మాటను తెలిసిన మాటగా మార్చేసుకోవడాన్ని జననిరుక్తి అంటారు. ఆస్పరాగస్ అనే కూరగాయని ఇంగ్లీషు జనం 'స్పారోగ్రాస్' చేశారు. అంటే పిచ్చుకగడ్డి. జెరూసలేం విషయంలో తప్పు పేరు దగ్గరే ఆగలేదు. ఈ దుంపతో కాచిన సూప్‌కి ఏకంగా 'పాలస్తీనా సూప్' అని పేరుపెట్టారు! ఫ్రెంచివాళ్లేం తక్కువ తినలేదు. 1613లో బ్రెజిల్ నుంచి టుపినంబా తెగవాళ్లను పారిస్‌కి తీసుకొస్తే, ఆ సందడిలో దీనికి 'టోపినాంబూర్' అనే పేరు అంటుకుంది. ఉత్తరాది దుంపకి దక్షిణాది జనం పేరన్నమాట.

ఇక అనువాదం. 'యెరూషలేము ఆర్టిచోక్' అని మాత్రం రాయకండి. పాఠకుడికి బైబిలు గుర్తొస్తుంది. శాస్త్రీయనామం హీలియాంథస్ ట్యూబరోసస్, అంటే దుంపలూరే పొద్దుతిరుగుడు. అందుకని మొక్కని 'దుంప పొద్దుతిరుగుడు' అనీ, వంటలో వేసేదాన్ని 'పొద్దుతిరుగుడు దుంప' అనీ అనొచ్చు. మొదటిసారి వచ్చినచోట పక్కనే జెరూసలేం ఆర్టిచోక్ అని కూడా రాయండి. కొనబోయేవాళ్లు అడగాల్సింది ఆ తప్పు పేరే.