మినీ ట్రక్కు బాడీకి 5052 అల్యూమినియం షీటు మంచిదా, 6061 మంచిదా?

మీరు అడిగింది ఇదీ: చిత్తూరు దగ్గర మినీ ట్రక్కు ఉంది. సీజన్‌లో తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు, మిగతా రోజుల్లో పాల క్యాన్లు తోలుతున్నారు. ఇనుప బాడీ తుప్పు తినేసింది. షాపువాళ్లు 5052 షీటు వేస్తామంటున్నారు, మీ బావగారేమో 6061 టి6 ఇంకా గట్టిది కదా అంటున్నారు (ఈ అంకెలు అల్యూమినియం మిశ్రమ రకాల పేర్లు, టి6 అంటే వేడిచేసి గట్టిపరిచిన సరుకు). పైగా మెగ్నీషియం ఉంది కాబట్టి అంటుకుంటుందేమోనని అనుమానం.

రేణిగుంట వైపు ఒక షెడ్డులో చాలా ఏళ్లు బాడీలు కట్టాను. నా ఓటు 5052కే.

మంట సంగతి ముందు తేల్చేద్దాం. 5052లో మెగ్నీషియం సుమారు రెండున్నర శాతం, మిగతాదంతా దాదాపు అల్యూమినియమే. ఈ షీటు అగ్గిపెట్టెకు అంటుకోదు. భగ్గుమనే గుణం మెగ్నీషియమే ఎక్కువ పాలు ఉండే ఏజెడ్91 లాంటి లోహాలది, వాటి రజనుతో జాగ్రత్తగా ఉండాలి. అయితే ఏ అల్యూమినియమైనా గ్రైండింగులో రాలే మెత్తటి పొడి అంటుకోగలదు. అది షెడ్డువాళ్ల తలనొప్పి, మీది కాదు.

ఇక బలం. మీ బావగారు చెప్పింది పట్టికలో చూస్తే నిజమే. 6061 టి6 లాగుడు బలం (లాగితే తెగకుండా తట్టుకునే శక్తి) సుమారు 310 మెగాపాస్కల్, 5052 హెచ్32ది, అంటే రోలింగులో కొంత గట్టిపరిచిన 5052ది, 230 లోపే. కానీ 6061కు ఆ బలం వేడిచేసి చల్లార్చే ప్రక్రియ వల్ల వస్తుంది. వెల్డింగ్ టార్చి తగిలిన చోట ఆ పదును పోయి, అతుకు పక్కన దాదాపు సగానికి పడిపోతుంది. 5052కు బలం కొంత కరిగి ఉన్న మెగ్నీషియం నుంచి, కొంత రోలింగులో గట్టిపడటం నుంచి వస్తుంది. వెల్డింగు వేడికి రెండోది పోతుంది, మొదటిది ఎక్కడికీ పోదు. 190 చుట్టూ నిలబడుతుంది. ట్రక్కు బాడీ అంటేనే అతుకుల మయం. పట్టికలో కనిపించిన తేడా రోడ్డు మీద మిగలదు.

వంపు దగ్గర ఇంకా తేడా తెలుస్తుంది. ఒక కస్టమరు పట్టుబట్టి బయటి నుంచి 3 మి.మీ. 6061 టి6 షీట్లు తెచ్చి ఇచ్చాడు. మామూలుగా వంచినట్టే ప్రెస్ బ్రేకులో (షీటు వంచే మెషీను) పెడితే వంపు వెలుపలి అంచు పొడవునా జుట్టులాంటి పగుళ్లు. దానికి వంపు వ్యాసార్థం మందానికి మూడు రెట్ల దాకా ఇవ్వాలి, అంత గుండ్రటి మూల ఆయన డిజైనుకు కుదరలేదు. చివరికి 5052 తెప్పించుకున్నాడు, అదే అచ్చులో చక్కగా వంగింది.

బరువు గురించి ఆశ పెట్టుకోండి, అతిగా వద్దు. అల్యూమినియం సాంద్రత ఇనుములో మూడో వంతే, కానీ వంగకుండా నిలిచే బిగుతు కూడా మూడో వంతే. అంతే గట్టిగా నిలవాలంటే షీటు మందం 1.4 రెట్లకు పైగా పెంచాలి. చివరికి షీటు బరువు సగానికి తగ్గుతుంది. అదీ తక్కువేం కాదు, ఆ మేరకు కాయలు ఎక్కువ ఎత్తుకోవచ్చు.

5083 అనే ఇంకో రకం వేయమని ఎవరైనా అంటే? అందులో మెగ్నీషియం నాలుగు శాతం పైనే. ఓడలకు, అతిశీతల గ్యాసు ట్యాంకులకు వాడే సరుకు అది, వెల్డింగు తర్వాత కూడా 275 దగ్గర నిలుస్తుంది. మీకు అంత అక్కర్లేదు, ధర కూడా ఎక్కువే. ఇంకోటి, మెగ్నీషియం 3 శాతం దాటిన రకాలను 65 డిగ్రీలకు పైన నెలల తరబడి ఉంచకూడదు. లోపలి రేణువుల అంచుల్లో మెగ్నీషియం పేరుకుని అక్కడి నుంచి తినేయడం మొదలవుతుంది. వేడి చోట వాడాలంటే 5052 లాంటివే నయం.

మీ విషయంలో నాకు నిజంగా టెన్షన్ పాల క్యాన్ల గురించి. పాల దగ్గర కడగడానికి కాస్టిక్ సోడా నీళ్లు వాడతారు. అవి స్టీలుకు సరిపోతాయి, అల్యూమినియం మీద పడితే బుసబుసమని హైడ్రోజన్ బుడగలు వస్తూ షీటు కరుగుతుంది. ఏ గ్రేడైనా అంతే, మెగ్నీషియం కాపాడదు. క్యాన్లు కిందకు దించాకే కడగమనండి. బాడీకి మామూలు సబ్బు నీళ్లు చాలు. మగ్గిన కాయల రసం కారితే అదే రోజు కడిగేయండి, పులుపు కూడా నిలవ ఉంటే మచ్చలు పెడుతుంది.

షాపులో రెండు మాటలు అడగండి. ఫిల్లర్ రాడ్డు (వెల్డింగులో అతుకులోకి కరిగించే తీగ) 5356 రకం వాడతారా అని ఒకటి. ఇనుప ఛాసిస్‌కూ అల్యూమినియానికీ మధ్య రబ్బరు పట్టీ వేస్తారా అని ఇంకోటి. రెండు లోహాలూ నేరుగా తగిలి మధ్యలో తడి చేరితే నష్టపోయేది అల్యూమినియమే. కొందరు ఆ పట్టీ డబ్బు మిగిలించుకుని పెయింటు కొట్టేసి పంపిస్తారు, కాబట్టి బాడీ ఎక్కించే రోజు మీరే దగ్గరుండి చూసుకోండి.